వెంకటేశం మింగని గోలీలు

చిట్కుల్‌లో సుమిత్రకు తోడికోడలు పుష్పమ్మను చూస్తే ఒళ్లు మంట. పుష్పమ్మ మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుని తింటుంటే, ఈమె ముఖం ఆ కాయకన్నా పుల్లగా మారేది. మారదా మరి? ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చారు. ఒకే ఏడాది ఇద్దరికీ కడుపు పోయింది. ఇప్పుడు చిన్నదానికి ఐదో నెల. పెద్దదానికి మిగిలింది తెల్లబట్ట, మూత్రంలో మంట, ఆస్పత్రి చుట్టూ తిరుగుడు.

ఆ జబ్బు పోయినట్టే పోయి మళ్లీ వచ్చేది. పటాన్‌చెరు డాక్టరమ్మ దగ్గర సుమిత్ర ఏడ్చేసింది.

"ఇట్లనే ఉంటే నాకు మళ్ల కడుపు నిలుస్తదా అమ్మా?"

"నువ్వొక్కదానివే మింగితే లాభం లేదమ్మా. ఇది ఇద్దరి మధ్యా తిరిగే జబ్బు. మీ ఆయనకు పైకి ఏమీ కనిపించదు. అయినా మింగాలి" అని ఇద్దరికీ మందులు రాసిందామె.

సుమిత్ర భర్త వెంకటేశం కాజీపల్లిలో మందుగోలీల కంపెనీలో మిషన్ మీద పనిచేసేవాడు. అప్పుడప్పుడే అక్కడ కంపెనీలు లేస్తున్న కాలం. ఇంటికొచ్చేసరికి అతని కనుబొమ్మల మీద కూడా తెల్లపొడి ఉండేది. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు అతన్నే అడిగేవారు. ఆ గౌరవం కాస్తా నెత్తికెక్కింది. భార్య గోలీల పొట్లం చేతికిస్తే నవ్వాడు.

"పిచ్చిదానా, పొద్దంత గా పొడి నా ముక్కులకెల్లి లోపలికే పోతది. నా పెయ్యిల ఉన్నంత మందు మెడికల్ షాపుల గూడ లేదు. మళ్ల నాకెందుకే?"

"డాక్టరమ్మ మింగుమన్నది."

"నాకేం రోగమున్నదని? అన్ని నువ్వే మింగు, జల్దీ తగ్గుతది."

వంటవాడు వాసనకే కడుపు నిండిందన్నట్టుంది. కానీ గోలీల సంగతి ఆయనకన్నా ఎవరికి తెలుసు? పాపం, సుమిత్ర నమ్మి అతని వాటా కూడా తనే మింగింది. నోరంతా ఇనుము నాకినట్టయింది, అన్నం సహించలేదు. జబ్బు మాత్రం మళ్లీ వచ్చింది. డాక్టరమ్మ తిట్టి మళ్లీ ఇద్దరికీ రాసింది. ఈసారి సుమిత్ర ఏడ్చి బతిమాలినా వెంకటేశం పొట్లం ముట్టలేదు.

ఆ ఆదివారం బోరింగు దగ్గర పుష్పమ్మ బిందె ఎత్తబోతే సుమిత్ర లాక్కుంది. ప్రేమతో కాదు, రేపు ఏమైనా అయితే తన దిష్టే తగిలిందంటారని. మనసులోది మాత్రం ఆగలేదు.

"నీ నసీబే నసీబు పుష్పా. రోగం లేదు, నొప్పి లేదు."

"లేదని ఎవరు చెప్పిన్రక్కా? నాకు గూడ గదే తెల్లబట్ట ఉండె. గా డాక్టరమ్మ దగ్గర్కే పోయిన. ఇద్దరు మింగాలన్నది. మీ మరిది ఎందుకని గూడ అడగలే. నా ముంగటనే నోట్లేసుకుని నీళ్లు తాగిండు."

సుమిత్ర బిందె కింద పెట్టేసింది. ఇంట్లో అందరూ ఏమీ తెలియనివాడని తీసిపారేసే మరిది జంగయ్య! ఇన్నాళ్లూ పుష్పమ్మ కడుపు చూసి కుళ్లుకుంది. ఇప్పుడు ఆ మొగుణ్ని తలుచుకుంటే అంతకు పదింతలు కుళ్లు పుట్టింది.

ఇంటికొచ్చేసరికి వెంకటేశం అన్నం తింటున్నాడు.

"నీ తమ్ముడు మింగిండట."

"ఏంది?"

"గోలీలు. పుష్పకు గూడ నా రోగమే ఉండెనట. చెప్పంగనే మింగిండట. గందుకే ఆమెకు కడుపు నిలిచింది."

ముద్ద నోటి దగ్గరే ఆగింది.

"మా జంగిగాడా?"

"జంగిగాడే."

వెంకటేశం గబగబా చేయి కడుక్కున్నాడు. పొట్లం తెమ్మని, నిలబడే మింగి ముఖం చిట్లించాడు. "వాడు మింగంగ నేను మింగలేనా?" అన్నాడు.

సుమిత్రకు సంతోషమైంది. ఆ వెంటనే గుండె భగ్గుమంది. తను కాళ్లావేళ్లా పడి ఏడిస్తే కదలని మనిషి, తమ్ముడి పేరెత్తగానే మింగాడు.

"నా కోసమైతే మింగకపోతివి" అంది.

"మింగిన గదనే! ఇగ ఇంకేం గావాలె నీకు?"

ఏం కావాలో ఆమెకు బాగానే తెలుసు. అది గోడ అవతల పుష్పమ్మ దగ్గర ఉంది. పైకి అనగలిగే మాట కాదు.