డబుల్ బేస్ కడుపులో పుల్ల

నేను లెక్కల మాస్టరుగా రిటైరైన బడిలో స్టోర్ రూము ఖాళీ చేస్తుంటే ఒక పాత డబుల్ బేస్ బయటపడింది. ఆరడుగుల ఫిడేలు అనుకోండి, నిలబడి వాయించాలి. చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు వయొలిన్ గీతాల ధైర్యంతో దాన్ని ఆటోలో వేసుకుని కర్నూలులోని మా రెండు గదుల ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది. "మనం పండుకునేదానికే జాగా లేదు, దీన్ని యాడ పండబెడతారు?" పైగా కదిలిస్తే లోపల లొడలొడ, వాయిస్తే గొంతు పట్టేసిన మూలుగు. ఉగాదిలోగా నిండుగా పలికితే ఉంటుంది, లేకపోతే పాత సామాన్లవాడికి పోతుంది అని తేల్చేసింది. అరవై దాటాక పుట్టిన కోరిక. అది పోతుందంటే నిజంగానే భయం వేసింది.

ఓర్వకల్లులో తలుపులు చేసే వడ్రంగికి ఇచ్చాను. పని శుభ్రంగా చేస్తాడు. చీలికలు అతికించి, తిరిగి ఇస్తూ గర్వంగా అన్నాడు: "కడుపులో ఎవురో పుల్ల మర్సిపోయిండారు సార్. అదే లొడలొడా అంటాండేది. తీసేసినా."

ఇంటికొచ్చి కమాను లాగితే లొడలొడ పోయింది గానీ మూలుగు అలాగే ఉంది. సెల్లులో వీడియోలు చూస్తే తెలిసింది, దాని ప్రాణమే ఆ పుల్లట. ముందు చెక్కకూ వెనక చెక్కకూ మధ్య నిటారుగా నిలబడి తీగల అదురును ఒళ్ళంతా పంచుతుందట. అది లోపల పడిపోయి లొడలొడమంటుంటే, ఈ మహానుభావుడు ఏకంగా తీసి పారేశాడు.

దాన్ని మళ్ళీ ఆటోలో వేసుకుని ఓర్వకల్లుకు పరుగెత్తాను. "యాడుందప్పా ఆ పుల్ల?"

"దాంతో టీ కాసుకుంటిమి సార్."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నొచ్చుకున్నాడు గానీ పాత దూలం ముక్కలోంచి కొత్త పుల్ల చెక్కాడు. గొడుగు కమ్మీ వంచి, దాని కొనకు పుల్ల గుచ్చి, ముందు చెక్కకున్న సన్నటి సందులోంచి పంపి లోపల నిలబెట్టాలి. నేను టార్చి పట్టేవాణ్ణి, ఆయన బోర్లా పడుకుని తంటాలు పడేవాడు, పుల్ల పడిపోయేది. మూడు రోజులు ఇదే పని. నాలుగో రోజు నిలబడింది.

ఉగాది రెండు రోజులుందనగా, పొద్దున్నే లావు తీగ మీద కమాను మెల్లగా లాగాను. గుమ్మ్‌మని ఇల్లంతా నిండింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపబుద్ధి కాక లాగుతూనే ఉన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి పెరట్లోకి ఉరికి మోటరు వేసింది. మా వీధికి కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఏ వేళకో ఎవరికీ తెలియదు. ఎవరింట్లోనైనా మోటరు గుమ్మంటే చాలు, నీళ్ళొచ్చాయని అందరూ తమవి వేసేస్తారు. పక్కింటామె వేసింది, ఎదురింటివాళ్ళు వేశారు. నిమిషంలో వీధంతా మోటర్లు ఒట్టి గాలి పీలుస్తున్నాయి.

బిందెలతో ఆడవాళ్ళు మా గుమ్మం ముందు చేరారు. "ముందర మోటరేసింది ఎవురు?"

మా ఆవిడ నా చేతిలోని కమానును చూసింది. "మోటరు కాదక్కా, మా ఇంటాయన" అంది, నవ్వాపుకోలేక.

అందరూ వెళ్ళాక చెప్పింది: "నిండుగానే పలికింది, ఉండనీండి. నీళ్ళొచ్చే దినం మాత్రం ముట్టగూడదు."

అలా సాధనకు రోజు విడిచి రోజు దొరికింది. ఎండలు ముదిరాక నీళ్ళు వారానికొకసారికి దిగాయి. వీధంతా ట్యాంకరు కోసం కొట్టుకుంటుంటే నేను వారానికి ఆరు రోజులు వాయించాను. సిగ్గుగానే ఉండేది. కానీ ఆ మే నెలలోనే నా చెయ్యి తిరిగింది.