వస్తున్నానని చెయ్యి ఊపాను

మిర్చి రెండో కోత. వినుకొండ దగ్గర చేలో ఉన్నాం. అన్నాల వేళ అవుతుండగా చూస్తే పక్క సాలులో మా అక్క మస్తాన్‌బీ లేదు. సుబాబుల్ తోట వైపు వెళ్లి చాలాసేపయింది.

మా కూలి ముఠాలో ఆడవాళ్లం బయటికి వెళ్లాలంటే ఇద్దరిద్దరం వెళతాం. అక్కకు జత నేనే. చిన్నప్పుడు జ్వరమొచ్చి తన చెవులు పోయాయి. ఎడమ చెవి దగ్గర గట్టిగా అరిస్తే కొంచెం వినపడేది, మిగతాది మన పెదాలు చూసి తెలుసుకునేది. ఆ రోజూ నన్ను పిలిచింది. "పద, వస్తున్నా" అని చెయ్యి ఊపాను. నాలుగు చెట్లు మిగిలాయి, అవి కోసేసి వెళదామనుకున్నాను. అవి అయ్యాక ఇంకో నాలుగు కోశాను.

వెతుక్కుంటూ వెళితే తోట అంచున బోర్లా పడి ఉంది. తలకింద నెత్తురు. కమ్మలు లాగేశారు, చెవి తమ్మెలు రెండూ చీలిపోయాయి. నేనెలా అరిచానో నాకు గుర్తులేదు.

అంబులెన్సులో గుంటూరు తీసుకెళ్లాం. సీటీ స్కాన్ చూసి డాక్టర్ గారు, "స్కల్ ఫ్రాక్చరమ్మా, లోపల క్లాట్ ఉంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు. ఐసీయూలో ఐదో రోజు అక్క కళ్లు తెరిచింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "ఒక్కదానివే ఎందుకెళ్లావక్కా?"

ఒక్కదాన్నే ఎందుకు పంపావని నన్ను నేను అడగాల్సింది. భయమేసి తన మీదికి తోసేశాను. అక్క నా పెదాలు చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లదీ అదే పాట. "చెవుడున్న మనిషి బంగారం పెట్టుకుని చేలోకి రావడమేంటి?" చెవుడుంటే కమ్మలు పెట్టుకోకూడదా? కూలికి వెళ్లకూడదా? వాళ్ల నోట్లో కారం కొట్టాలనిపించింది. ముందు నా నోట్లో కొట్టుకోవాలి.

ఇంటికొచ్చిన పదో రోజున ఫిట్స్ వచ్చాయి. మళ్లీ అడ్మిషన్. ఎడమ చెవిలో ఆ కాస్త వినికిడీ పోయిందన్నారు. గాయం మానింది కానీ అక్క మాట్లాడటం మానేసింది. ఎవరి నీడ పడినా వణికిపోయేది. సైకియాట్రీ డాక్టరమ్మ గారు, "ఇది పీటీఎస్‌డీ, ఆ దాడి భయం మనసులోంచి పోకపోవడం. ఇదీ జబ్బే, దీనికీ ట్రీట్‌మెంట్ ఉంది. తప్పు తనదే అనుకుంటున్నట్టుంది. ఇంట్లో ఎవరైనా అలా అన్నారా?" అని అడిగారు. నేను తల దించుకున్నాను.

వాడు దొరికాడు. పక్క చేలో పనికొచ్చినవాడే. "రెండు రోజులు కనిపెట్టాడమ్మా, పిలిస్తే తిరగని మనిషెవరా అని" అన్నారు ఎస్సై గారు. వాడికంత శ్రమ ఎందుకు? "ఏయ్ చెవిటీ, ఇటు చూడవే!" అని చేలంతా వినపడేలా మా ముఠానే అరిచేది. తను తిరక్కపోతే అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

ఇప్పుడు అక్క కోతకు రాదు. ఇంటి దగ్గరే, వీపు గోడకు ఆనించి, మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. మందులు వాడుతున్నాం, నెలకోసారి డాక్టరమ్మ గారి దగ్గరికి వెళుతున్నాం. నేనైనా సరే ఎదురుగానే వస్తాను.

ఎనిమిది నెలలకు, తొడిమలు తీస్తూ తనే నోరు విప్పింది. "ఒక్కదాన్నే వెళ్లలేదే. వస్తున్నానన్నావుగా, వెనకే ఉన్నావనుకున్నా. భుజం మీద చెయ్యి పడితే నువ్వేనని నవ్వుతా తిరిగా."

మీ ఇంట్లో ఇలాంటి దెబ్బ తిన్న మనిషి ఉంటే, ఎందుకెళ్లావని మాత్రం అడక్కండి. ఎదురుగా కూర్చుని, తప్పు నీది కాదని చెప్పండి. మొదటి రోజే చెప్పండి. నేను ఎనిమిది నెలలు ఆలస్యంగా, ఆ మిరపకాయల మధ్య కూర్చుని చెప్పాను.

అక్క నా పెదాల వంకే చూసింది. "మళ్లీ చెప్పు" అంది.