హలీమా పిన్ని పంపిన తోడు

హలీమా పిన్ని ఎవరినీ ఎక్కడికీ ఒంటరిగా పంపదు. ఆమె గురించి ఇంకేం తెలియకపోయినా ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, ఏలూరులో ఆ వీధి జనం సగం ప్రయాణాలు ఎందుకు చేశారో అర్థమైపోతుంది.

పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళే మనిషికి కూడా ఆమె ఇంకో మనిషిని జతచేస్తుంది. పళ్ళెంలో ఒక్క ఇడ్లీ మిగిలితే, పాపం ఒంటరిదైపోయిందని ఇంకోటి వేస్తుంది. రెండింట్లో ఒకటి తింటే మళ్ళీ ఒకటే మిగులుతుంది కదా, మళ్ళీ వేస్తుంది. ఆమె ఇంట్లో టిఫినుకి కూర్చున్నవాడు లేవాలంటే ఇడ్లీ పాత్ర ఖాళీ అవ్వాలి, లేదా వాడికి స్పృహ తప్పాలి.

దీనికి తోడు ఇంకో పట్టింపు. ముగ్గురు కలిసి బయల్దేరితే పని చెడుతుందని ఆమె గట్టి నమ్మకం. అంటే ఒక్కరు వెళ్ళకూడదు, ముగ్గురు అసలే వెళ్ళకూడదు. ఇద్దరికి మూడోవాడు తగిలాడంటే నాలుగోవాడి కోసం వీధంతా వేట మొదలవుతుంది.

ఆమె భర్త నాగూర్‌ది పరుపులు కుట్టే దుకాణం. ఓసారి దూది కోసం తాడేపల్లిగూడెం వెళ్తుంటే తోడుగా ఎదురింటి పాండురంగారావుగారిని పంపింది. ఆయన గవర్నమెంటు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా రిటైరై, పడక్కుర్చీలో పడుకుని వీధిన పోయే కుక్కల నడవడిలో కూడా తప్పులు పట్టే మనిషి. దూదికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. గూడెంలో ఎవరో పాత స్నేహితుడు కనబడితే అక్కడే ఉండిపోయాడు. నాగూర్ ఒక్కడే బస్తాతో పాసింజరు దిగి ఇంటికొచ్చాడు. హలీమా గుమ్మంలోనే నిలేసింది.

"వెళ్ళింది ఇద్దరు. ఒక్కరే వచ్చారేంటండీ?"

"ఆయన రేపొస్తానన్నాడు."

"అయితే రేపు ఆయన ఒక్కరే రావాలన్నమాట. పాపం."

మర్నాడు నాగూర్ మళ్ళీ గూడెం వెళ్ళాడు. ఈసారి అతనికి తోడు యేసమ్మ. వీధి చివర గదిలో ఉండే ముసలావిడ. తీరా పాండురంగారావుగారిని కలుపుకుంటే గూడెం స్టేషన్లో ముగ్గురయ్యారు. ముగ్గురు రాకూడదు కాబట్టి ఆ స్నేహితుణ్ణి కూడా రైలెక్కించి తెచ్చారు. ఆయన వారంపాటు పాండురంగారావుగారింట్లో ఉండి, అరుగు మీద పేకాడి, పరాచికాలాడి వెళ్ళాడు. ఆ రెండో ప్రయాణం దేనికి చేశాడో నాగూర్‌కి ఇప్పటికీ తెలియదు. 

ఆమె తమ్ముడు మీరావలి కొల్లేట్లో చేపల చెరువు మీద కాపలా. గట్టు మీద పాకలో ఒక్కడే పడుకుంటాడని తెలిసి హలీమాకి అన్నం సయించలేదు. పంపడానికి మనిషి దొరక్క, పండక్కి పలావులోకి పెంచుతున్న పుంజుని కైకలూరు బస్సులో పంపింది. తర్వాత ఆ పుంజు ఒక్కటే ఉందని పెట్టని పంపింది. మరుసటి ఏడాదికి మీరావలికి గట్టు మీద పడుకోవడానికి చోటు లేకుండా పోయింది. అన్నీ కోళ్ళే.

ఇదంతా సెల్‌ఫోనులో ఇన్‌కమింగ్ కొత్తగా ఉచితమై ఊరంతా ఒకరికొకరు మిస్డ్ కాల్స్ ఇచ్చుకుంటున్న రోజుల సంగతి. అప్పుడే హలీమా అక్క నజ్మా కొడుకు మోయిన్ డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఎందుకు మానేశాడో అతనికీ సరిగ్గా తెలియదు. ఒకరోజు వెళ్ళబుద్ధి కాలేదు. మర్నాడు నిన్నెందుకు రాలేదంటారని వెళ్ళలేదు. ఆ తర్వాత ఇన్ని రోజులు ఎందుకు రాలేదంటారని వెళ్ళలేదు. అలా ఏడాది గడిచింది.

మోయిన్‌కి పులన్నా దెయ్యమన్నా భయం లేదు. ఒక్క ప్రశ్నంటేనే భయం. "ఇప్పుడేం చేస్తున్నావు?" బట్టలకొట్టువాడు అడుగుతాడు. పాలవాడు అడుగుతాడు. అడిగినవాడికి జవాబు అక్కర్లేదు, అడిగి పోతాడు. మోయిన్ మాత్రం రాత్రిదాకా జవాబు వెతుక్కునేవాడు. బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర అతని క్లాస్‌మేట్ కృపావరం ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉంటాడు. వాడి డిగ్రీ అయిపోయింది, ఏదో పెద్ద ఇంటర్వ్యూ ఉందట. వాడి కంటబడటం ఇష్టంలేక మోయిన్ అటువైపు పోవడమే మానేశాడు. చివరికి ఇల్లు కదలడమే మానేశాడు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేవాడు.

ఒకరోజు పొద్దున్నే హలీమా వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఒరే, మావాడు సల్మాన్‌ని వ్యక్తిత్వ వికాసంలో చేర్పిస్తున్నాన్రా. స్కూలు హాల్లో వేసవి శిబిరమంట."

"ఇప్పుడున్న వ్యక్తిత్వానికేమైంది పిన్నీ?"

"ఉందిగానీ వికసించలేదంట. జవాబు తెలిసినా క్లాసులో నోరు తెరవడని మేడం చెప్పింది. నువ్వు తోడెళ్ళాలి."

"వాడికి పదమూడేళ్ళు. ఆ స్కూలు ఇక్కడికి మూడు వీధులు."

"అందుకే తోడు. దూరమైతే బస్సులో జనం ఉంటారు, తోడక్కర్లేదు."

ఈ లెక్క మోయిన్‌కి అర్థం కాలేదు. రానని మొహం మీదే చెప్పాడు. సరే, యేసమ్మని పంపుతానంది హలీమా. మే నెల ఎండలు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మధ్యలో ఎక్కడైనా కూలబడితే సల్మానే మోసుకురావాలి, ఏం చేస్తాం అని నిట్టూర్చి లేచింది. మోయిన్ చొక్కా వేసుకున్నాడు.

స్కూలు గేటుకి పెద్ద బ్యానరు. "ఒంటరిగా నిలబడినవాడే గెలుస్తాడు." దాని కింద బల్ల వేసుకుని చలపతిరావుగారు కూర్చున్నాడు. రోజూ తణుకు నుంచి వచ్చి పాఠం చెప్పే శిక్షకుడు. ఆ ఎండలో ఏలూరు మొత్తానికి టై కట్టుకున్న మనిషి ఆయనొక్కడే.

"మీ ఇద్దరిలో చేరేదెవరు?"

మోయిన్ సల్మాన్‌ని చూపించాడు. సల్మాన్ మోయిన్‌ని చూపించాడు.

"నేను తోడొచ్చానండీ," అన్నాడు మోయిన్.

"నేనే తోడండీ," అన్నాడు సల్మాన్ చెప్పుల వైపు చూస్తూ. "అన్నయ్య చేరుతున్నాడు, ఒక్కడే వెళ్ళడు, తోడెళ్ళమని అమ్మ చెప్పింది."

చలపతిరావుగారు ఇద్దరి వయసులూ అడిగాడు. పదమూడు నుంచి ఇరవై మూడు దాకా ఎవరైనా చేరొచ్చు. ఇద్దరూ సరిపోతారు. ఆయనకి దారి తోచక పాండురంగారావుగారింటికి ఫోన్ చేయించి హలీమాని పిలిపించాడు.

"అమ్మా, వీళ్ళలో చేరే అబ్బాయెవరు, తోడు వచ్చిందెవరు?"

"తోడన్నాక ఇద్దరూ తోడే కదండీ. ఒక్కడే తోడైతే రెండోవాడు ఏమవుతాడు?"

చలపతిరావుగారు రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. "పోనీ, రిజిస్టర్లో ఎవరి పేరు రాయమంటారు?"

"ఇద్దరివీ రాసెయ్యండి. పేజీలో ఒక్క పేరు బిక్కుబిక్కుమంటూ ఏం బాగుంటుంది?"

ఆయన రెండు పేర్లూ రాసి, టై కాస్త వదులు చేసుకున్నాడు.

మొదటిరోజు పాఠానికి ముందు ఒక నియమం చెప్పారు. తోడు వచ్చినవాళ్ళంతా బయట వరండాలో కూర్చోవాలి. మోయిన్, సల్మాన్ బుద్ధిగా వెళ్ళి వరండాలో కూర్చున్నారు. లోపల రెండు కుర్చీలు ఖాళీ. ఆత్మవిశ్వాసం గురించి అరగంట చెప్పాక చలపతిరావుగారికి అనుమానమొచ్చి బయటికొచ్చాడు.

"మీరెందుకు ఇక్కడున్నారు?"

"తోడండీ."

"ఎవరికి?"

ఒకరినొకరు చూపించుకున్నారు. ఆయన టై ఇంకో అంగుళం వదులు చేసి, ఇద్దర్నీ రెక్క పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు.

తర్వాత రోజులన్నీ ఇదే గందరగోళం. మోయిన్ నోరు విప్పకపోతే, తోడు వచ్చినవాడిగా ఇది తన బాధ్యతనుకుని సల్మాన్ చెయ్యెత్తేవాడు. సల్మాన్ మధ్యలో తడబడితే, తమ్ముడి పరువు పోతోందని మోయిన్ లేచి పూర్తిచేసేవాడు. మీలో ఎవరికి శిక్షణ ఇస్తున్నానో నాకే తెలియడం లేదని చలపతిరావుగారు ఓసారి అందరి ముందే వాపోయాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం మోయిన్ టీకొట్టు తప్పించి కాలువ గట్టు మీదుగా తిప్పేవాడు. మూడు వీధుల దారి ముప్పావుగంట పట్టేది. ఎందుకని సల్మాన్ అడగలేదు. తోడు వచ్చినవాడు దారి అడక్కూడదని వాడి ఉద్దేశం కాబోలు.

ముగింపు రోజు ఒక్కొక్కరూ ఒంటరిగా వేదికెక్కి "నా గురించి నేను" అని మాట్లాడాలి. ఆ సంగతి విన్నప్పటి నుంచి మోయిన్‌కి నిద్ర లేదు. తన గురించి చెప్పడానికి ఏముంది? ఎక్కడ మొదలుపెట్టినా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఎగ్గొడదామంటే, అన్నయ్య ఎక్కకపోతే నేనూ ఎక్కనని సల్మాన్ తేల్చేశాడు.

హలీమా ముందు వరసలో కూర్చుంది. పక్కన యేసమ్మ, నాగూర్, పాండురంగారావుగారు. నలుగురు. బ్యానరు చదివి ఆమె మొహం చిన్నబోయింది.

"ఎవరండీ అలా రాసింది?" అని చలపతిరావుగారిని అడిగింది. "పాపం, ఆయనకెవరూ లేరా?"

రాసింది ఆయనే. టై ముడి తడుముకున్నాడు.

"పిల్లాడు అక్కడ ఒక్కడే నిలబడాలాండీ?"

"అదేనమ్మా శిక్షణ."

"పోనీ పక్కన ఓ కుర్చీ అయినా వెయ్యండి."

వేశారు. మోయిన్ వెళ్ళి ఖాళీ కుర్చీ పక్కన నిలబడ్డాడు. మైకు కీచుమంది. అతను దాన్ని ఓసారి పైకీ, ఓసారి కిందికీ జరిపాడు. చలపతిరావుగారు సాయం చేద్దామని కింద నుంచి మెల్లగా అందించాడు.

"ఇప్పుడేం చేస్తున్నావో చెప్పు బాబూ."

 మోయిన్ చూపు ముందు వరసలో చిక్కుకుంది.

"నేను... తోడొచ్చానండీ," అన్నాడు.

అందరూ నవ్వారు. మోయిన్ నవ్వలేదు. బుర్రలో ఏదో తిరుగుతోంది.

"యేసమ్మ మామ్మా, నువ్వెవరికి తోడొచ్చావు?" అని మైకులోనే అడిగాడు.

"హలీమాకి నాయనా. ఒక్కతే రాలేనంది."

"మీరండీ, పాండురంగారావుగారూ?"

"నాగూర్‌కి. అతనికి సభలు అలవాటు లేదని వాళ్ళావిడ చెప్పింది," అన్నాడాయన కాస్త గొప్పగా.

నాగూర్ తెల్లబోయి చూశాడు. అతనికి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

మోయిన్‌కి గూడెం ప్రయాణం గుర్తొచ్చింది. పడక్కుర్చీ దిగని పెద్దమనిషి, ఎవరూ తలుపు తట్టని ముసలావిడ. ఆఖరికి ఆ పుంజు కూడా, ఇంకో వారమైతే పలావులో ఉండేది. పిన్ని ఇన్నేళ్ళలో పనిలో ఉన్నవాణ్ణి ఒక్కణ్ణయినా తోడు పంపిందా? ఎంత తవ్వినా ఒక్కడూ గుర్తు రాలేదు.

"పిన్నీ," అన్నాడు, "ఇంతకీ తోడు కావలసింది వెళ్ళేవాళ్ళకా, తోడొచ్చేవాళ్ళకా?"

హలీమా లేచి నిలబడింది. పక్కన యేసమ్మని కూడా లేపింది.

"అవన్నీ నాకేం తెలుసురా? ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళని పంపుతాను. పనున్నవాళ్ళు వస్తారా ఏంటి?"

అని, మోయిన్ వైపు చూడకుండా కొంగు సర్దుకుంటూ కూర్చుంది. హాలు గొల్లుమంది. ఈసారి మోయిన్ కూడా నవ్వాడు. నవ్వాక మాట దానంతటదే వచ్చింది. కాలేజీ ఎందుకు మానేశాడో తనకే తెలియదని చెప్పాడు. ఏడాదిగా గదిలో ఎంత దూరం నడిచాడో చెప్పాడు. కాలువ గట్టు సంగతి కూడా చెప్పాడు. తర్వాత సల్మాన్ ఎక్కి, అన్నయ్యకి తాను తోడు వచ్చిన వైనం దించిన తల ఎత్తి మరీ చెప్పాడు. ఆపమని గంట కొట్టాల్సి వచ్చింది.

సభ అయ్యాక చలపతిరావుగారు సంచి భుజాన వేసుకున్నాడు.

"తణుకు ఒక్కరే వెళ్తారాండీ?" అంది హలీమా.

"రోజూ ఒక్కణ్ణే వెళ్తానమ్మా."

"రోజూనా? ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ మీరు?"

వద్దంటున్నా వినకుండా మోయిన్‌ని తోడు పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు మోయిన్ ఒక్కడైపోతాడని సల్మాన్‌నీ పెట్టింది. బస్సెక్కించడానికి తనూ బయల్దేరింది. బస్టాండు దారిలో కాలువ గట్టు లేదు. టీకొట్టే ఉంది. ఇస్త్రీ చొక్కాతో కృపావరం ఉన్నాడు.

"ఒరే మోయిన్. అసలు కనబడ్డమే మానేశావు. ఇప్పుడేం చేస్తున్నావురా?"

"సార్‌కి తోడు తణుకు వెళ్తున్నాను," అన్నాడు మోయిన్.

 కృపావరం చేతిలో టీగ్లాసు వైపు చూసుకున్నాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది, అడుగున ఎండిపోయింది కూడా. ఆ గ్లాసుని హలీమా కూడా చూసింది. తర్వాత వాడి ఇస్త్రీ చొక్కా చూసింది. తర్వాత బస్సెక్కబోతున్న సార్‌నీ, మోయిన్‌నీ, సల్మాన్‌నీ లెక్కపెట్టింది.

"బాబూ, నువ్వు ఖాళీగానే ఉన్నావా?"

"నేనాండీ? అంటే... ఇంటర్వ్యూ ఒకటి ఉందండీ."

"ఇవాళేనా?"

"ఇవాళ కాదండీ."

"అయితే ఎక్కు నాయనా. ముగ్గురు వెళ్ళకూడదు."

బస్సు భీమడోలు దాటింది. చలపతిరావుగారు టై తీసి జేబులో కుక్కుకుని నలుగురికీ టిక్కెట్లు కొన్నాడు. అప్పుడు కృపావరం మెల్లగా మోయిన్ వైపు వంగాడు.

"ఒరే, ఇంతకీ మనలో ఎవరు ఎవరికి తోడురా?"

"కొత్తలో నేనూ అడిగాన్లే," అని మోయిన్ జరిగి వాడికి కిటికీ పక్కన చోటిచ్చాడు.