తాగడానికైతే సున్నా వోల్టులు

నిన్న ఉదయం ఆరు ఇరవైకి సౌదీలోని హుఫూఫ్‌ ఆసుపత్రిలో జోసెఫ్ అన్న చనిపోయాడు. గుండెపోటు.

ఫోన్ చేసింది ఆయన కూతురు అనూష. "బాబాయ్, నాన్న లేరు" అంది.

రిపోర్టర్ అలవాటు. ఎన్నింటికి, ఎక్కడ అని అడిగి రాసుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ కాగితం చదువుకుంటే గానీ విషయం తలకెక్కలేదు.

1991లో ధహ్రాన్‌లో మావి పక్కపక్క ఫ్లాట్లు. అన్నది కాకినాడ, ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు. సువార్త వదిన నర్సు. నాది కరీంనగర్, ఒక ఇంగ్లిష్ పేపర్లో ఉద్యోగం.

గల్ఫ్ యుద్ధం ఆఖరి రోజుల్లో తగలబడుతున్న కువైట్ చమురు బావుల పొగ మా మీదికి వచ్చింది. రెండేళ్ల అనూషకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గదు.

నీళ్లలో వెండి పెట్టి కరెంటు పంపితే వచ్చే వెండి నీళ్లు మంచి మందని డ్యూటీలో ఎవరో అన్నారు. అన్న ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు.

మొదటిసారి కారు బ్యాటరీ, కుళాయి నీళ్లు, అనూష వెండి పట్టీలు. ఆ కుళాయి నీళ్లలో ఉప్పెక్కువ. కరెంటు ఒక్కసారిగా ఎగబాకింది, గ్లాసు తెల్లగా అయిపోయింది.

"అన్నా, గిది వెండి నీళ్లా, సల్లనా?" అన్నాను.

"మజ్జిగో సల్లో, నవ్వింది చాల్లే. నీ రేడియో బ్యాటరీ ఇలా ఇయ్యి. దాచుకున్న ఆ రెండు కూడా."

మూడు తొమ్మిదులు ఇరవై ఏడు వోల్టులు. ఈసారి డిస్టిల్డ్ వాటర్. వెండి దిగేకొద్దీ కరెంటు దానంతటదే పెరుగుతుంది. ఒక మిల్లీయాంప్ దాటకుండా మధ్యలో రెసిస్టర్, కరెంటు కొలిచే తన మీటరు పెట్టాడు. నీళ్లలోకి మళ్లీ ఆ పట్టీలే వేలాడదీశాడు.

ఆ పూట యుద్ధం వార్తలు నేను గోడకు చెవి ఆనించి పక్కింటి రేడియోలో విన్నాను.

అన్న చెంచా నింపి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునే సమయానికి వదిన డ్యూటీ నుంచి వచ్చింది.

"ఏంటండీ అది?"

"ఇరవై ఏడు వోల్టులు, ఒక మిల్లీయాంప్, రెండు గంటలు. అంతా కొలిచే చేశాను సువార్తా."

"అబ్బో. మరి ఆ పట్టీల్లో మా ఊరి కంసాలి ఎంత రాగి కలిపాడో కూడా కొలిచారా?"

అన్న మీటరు వంక చూశాడు. అది మీటరు చెప్పే సంగతి కాదు.

"తెలియని నంబరు పిల్ల నోట్లో పొయ్యను" అన్నాడు. చెంచా, గ్లాసు రెండూ సింకులో వంచేశాడు.

"పట్టీలు నల్లబడ్డాయని మా అమ్మకి మీరే చెప్పుకోండి" అంది వదిన.

మర్నాడు పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు మందు రాశాడు. దగ్గు తగ్గింది.

ఈ కథ ఎలా పాకిందో గానీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి సౌదీ ఆ చివరనున్న రాబిగ్ నుంచి కూడా ఫోన్లు. "అన్నా, వెండి నీళ్లకి ఎన్ని వోల్టులు పెట్టాలి?"

జవాబు ఒకటే. "తాగడానికైతే సున్నా. వెండి ఒంట్లో చేరితే పోదురా. నీలంగా తయారవుతావు, ఇకామా గుర్తింపు కార్డు ఫొటోతో మొహం కలవదు."

నా బ్యాటరీలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

వెళ్లి రా అన్నా. అక్కడ యుద్ధం సైరన్లుండవు, హాయిగా పడుకో.

అన్నను ఊరికి పంపే ఎగ్జిట్ కాగితాలు రేపు పూర్తవుతాయి. శనివారం సాయంత్రం నాలుగింటికి కాకినాడలో సమాధి కార్యక్రమం. ఆ పాత మీటరు ఆయన పక్కన పెట్టాలని, అది పనిచేస్తూ ఉండాలని వదిన కోరిక. మీటరు అనూష తెస్తోంది.

బ్యాటరీ ఈసారీ నేనే తీసుకెళ్తున్నాను.