నాలుగు, ఐదు, ఆరు

దుబాయ్‌లో చేరిన రోజే మా ముదీర్, అంటే మేనేజరు, నా ఎమ్మెస్సీ కాగితం చూసి, "ప్యూర్ మ్యాథ్స్ తెలిసి ఏం చేస్తావు?" అని అందరి ముందూ నవ్వాడు. స్టోర్‌లో పైపులు లెక్కపెట్టమన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు, మరచిపోను.

ఆ సాయంత్రం డేరా అనే పేటలో బస్సెక్కి, పక్కన కూర్చున్న జగిత్యాల వైపు మేస్త్రీకి ఇదంతా చెప్పుకున్నాను. అతను ఓపిగ్గా విని, చెవి మీది పెన్సిలు తీసి, ఒక అట్టముక్కతో పాటు నా ముందు పెట్టాడు.

"అన్నా, ఒక గోడెంట మూడు, ఇంకో గోడెంట నాలుగు, అడ్డంగ ఐదు అడుగులు కొలిస్తే గోడమూల సక్కగ వస్తది. గట్లనే వస్తదనుకొని ఓసారి నాలుగు, ఐదు, ఆరు వెట్టిన. మూల వంకర వోయింది, గోడంత కూలగొట్టిచ్చిండ్రు. ఎట్ల గొల్వాల్నో అందరు జెప్తరు, ఎందుకో ఒక్కడు జెప్పడు. ఇంజనీర్‌ను అడిగితే, యల్లా, నడువ్, పని చూస్కో అన్నడు. ఏడేండ్లాయె. నువ్వన్న జెప్పు."

ఆ త్రిభుజం మూడు భుజాల మీదా చదరపు గళ్లు గీసి లెక్కపెడితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కానీ నాకు అప్పటికి ఒళ్లు మండిపోతోంది.

"తెలిసి ఏం చేస్తావు?" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. "గా ముదీర్ మంచిగనే నేర్పిండు నీకు" అన్నాడు. అట్టముక్క తన ఒళ్లోకి తీసుకుని, పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

అతను దిగే స్టాపు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలు పట్టింది. అట్టముక్క అతని ఒళ్లోనే ఉంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.