ఎడమ సీటులో కూర్చున్న మనిషి

సింగపూర్‌లో మేముండే యూ టీ అపార్ట్‌మెంట్ బ్లాకు కింద, దెయ్యాల నెల అని పిలిచే తమ ఏడో నెలలో, చైనీయులు ఏటా పోయినవాళ్ళ కోసం కాగితాలు కాలుస్తారు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా భయం వేయలేదు. ఆరేసిన బట్టల మీద బూడిద పడుతోందని విసుక్కోవడం తప్ప ఆ నెలతో నాకు వేరే పేచీ లేదు. ఎవరైనా దెయ్యాల కథ ఎత్తుకుంటే టీ పెట్టే మిషతో వంటింట్లోకి వెళ్ళిపోయే రకాన్ని. నా ఉద్యోగం కూడా అలాంటిదే. పాయా లేబర్ ప్రాంతంలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. తప్పు కనిపించిందంటే కారణం ఎక్కడో ఉండి తీరుతుంది, దొరికేదాకా వెతకాలి.

దీనికి మాత్రం దొరకలేదు. కనీసం రాసి పెడితే మనసు కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను.

మా ఆయన శ్రీధర్‌ది కొత్తగూడెం. మా మామగారు బొగ్గుగనిలో పనిచేశారు. చిన్నప్పుడు శ్రీధర్‌ను ఎన్నడూ గని దగ్గరికి రానివ్వలేదట. ఆ వద్దనడమే మనసులో ఎక్కడో నాటుకుపోయిందనుకుంటాను. ఇటు కొస నుంచి అటు కొసకి గంటలో చేరిపోయే సింగపూర్‌లో తనకు ఊపిరాడదు. సెలవు దొరికితే చాలు, ఐదు గంటలు ఎగిరి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో దిగుతాం. అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ బండి అద్దెకు తీసుకుని, లోపలి ఎడారి వైపు పోతాం. ఎవరో ఎప్పుడో బంగారం కోసం తవ్వి వదిలేసిన గనులను వెతకడం తన పిచ్చి. నిలువుగా దిగే గుంతల జోలికి పోడు. కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగాలైతే కొంచెం దూరం వెళ్ళి ఫోటోలు తీసుకుని వస్తాడు. నేను బండిలో కూర్చుంటాను. ఒక వాకీటాకీ తన దగ్గర, ఒకటి నా దగ్గర.

ఆ జూన్ సెలవుల్లో మాతో వనజ ఆంటీ కూడా వచ్చారు. మా పక్క పేట చోవా చూ కాంగ్‌లో ఉంటారు. మేమింకా పుట్టకముందే సింగపూర్ వచ్చి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ తెలుగులో సగం తమిళం, మలాయ్ కలిసి ఉంటాయి. దేనికీ తొణకని మనిషి. ఎడారిలో కూడా, “ముందు మకాన్ చేద్దాం, తర్వాత మీ గుహలు చూసుకోండి” అనేవారు. మకాన్ అంటే మలాయ్‌లో తిండి.

ఆ రోజు భోజనాలయ్యాక ఒక చిన్న గుట్ట దగ్గర ఆగాం. తుప్పుపట్టిన రేకుల షెడ్డు ఒకటి, తవ్విపోసిన తెల్లని మట్టిదిబ్బలు, గుట్ట అడుగున సొరంగం నోరు. చుట్టూ ఎర్రమట్టి. కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. అక్కడ అది చలికాలం, ఎండ హాయిగా ఉంది. మాకు దాహంగా లేదు, నిద్రలేమి లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అందరూ నన్ను అడిగింది అదే.

శ్రీధర్ తలకు లైటు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. నేను డ్రైవర్ సీట్లో ఉన్నాను. వాకీటాకీ నా ముందు డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను. ఆంటీ వెనక సీట్లో నారింజపండు ఒలుస్తున్నారు.

కాసేపటికి తను బయటికి రావడం చూశాను. ఎదురుగా, పట్టపగలు, ఏ అనుమానమూ లేకుండా చూశాను. అదే నీలం చొక్కా. మామూలుగా నడిచి వచ్చి నా ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. నా వైపు తిరగలేదు.

“అయిపోయింది. పోదాం పద” అన్నాడు.

నేను ఇంజిన్ ఆన్ చేశాను. బెల్టు పెట్టుకోలేదని బండి కుయ్‌కుయ్‌మంది. తను బెల్టు లాగి పెట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. ఫోటోలు బాగా వచ్చాయా అని అడిగాను. జవాబు లేదు. వెనక నుంచి ఆంటీ నారింజ తొన చాపారు. అందుకోలేదు. అలసిపోయాడేమో అనుకున్నాను. తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

మట్టిదారిలో వచ్చిన దారినే నడుపుతున్నాను. దిబ్బలు దాటి మలుపు తిరిగాం. గుట్ట కనుమరుగైంది. అప్పుడు డాష్‌బోర్డు మీది వాకీటాకీ బరబరమంది.

“సుజా, ఇంకెంతసేపు? కాలు ఇరుక్కున్నది. యాడున్నవ్?”

అది శ్రీధర్ గొంతు.

నేను ఎడమ పక్కకు తిరిగాను. సీట్లో ఎవరూ లేరు. బెల్టు మాత్రం పెట్టే ఉంది, ఖాళీ సీటుకు అడ్డంగా.

  చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి కానీ అవి నావి అనిపించలేదు. ఎంతసేపు అలా ఉండిపోయేదాన్నో. వెనక నుంచి ఆంటీ నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

“దాన్ని చూడకు. బండి తిప్పు” అన్నారు. 

తిప్పాను. సొరంగం ముందు బండి ఆపి దిగి పరుగెత్తాను. అక్కడ ఎర్రటి మెత్తని దుమ్ము. అందులో శ్రీధర్ బూట్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. అన్నీ లోపలికి వెళ్ళినవే. బయటికి వచ్చినది ఒక్కటి లేదు. పరుగెత్తుతూ కూడా అది చూశాను, నా ఉద్యోగం నాకిచ్చిన పాడలవాటు.

వెలుతురు ఇంకా అందే చోటే, ఒక వంపు పక్కన పడి ఉన్నాడు. పాత దూలం ఒకటి జారి చీలమండను నేలకు నొక్కిపెట్టింది. దాని మీద ఇంకో రెండు ఏటవాలుగా ఒరిగి ఉన్నాయి. నేను చేతులు పట్టి లాగబోతే ఆంటీ నన్ను పక్కకు తోశారు. దూలాన్ని ముట్టుకోవద్దని, కాలి కింది మట్టి తీయమని చెప్పారు. బండిలోంచి పార తెచ్చి ఆవిడ చెప్పినట్టే కాలి కింద గుల్ల చేశాం. మెల్లగా కాలు బయటికొచ్చింది. తనను చెరోపక్కా పట్టుకుని వెలుగులోకి తెచ్చి, రేకుల షెడ్డు దగ్గర కూర్చోబెట్టాం. ఆ తర్వాతే లోపల ఏదో కూలిన చప్పుడు వినిపించింది. సొరంగం నోట్లోంచి దుమ్ము మెల్లగా బయటికొచ్చింది. ముగ్గురం చూస్తూ ఉండిపోయాం. 

ఎముక విరగలేదు. బాగా బెణికింది, చర్మం లేచిపోయింది. ఆ రాత్రి దిగిన చోట జరిగిందంతా చెప్పాను. శ్రీధర్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మంచం మీద కాలు చాపుకుని కప్పు వైపు చూస్తూ విన్నాడు. 

తిరిగొచ్చాక నా పద్ధతిలో వెతికాను. కళ్ళు మోసం చేశాయనుకుందామంటే, ఆంటీ కూడా చూశారు. ఇద్దరం భ్రమపడ్డాం అనుకుందామంటే, బెల్టు పెట్టింది ఎవరు? మనిషి కూర్చుంటే తప్ప ఆ కుయ్‌కుయ్ మొదలవదు. సీటు మీద పెట్టిన ఏ వస్తువు వల్లో మోగిందనుకున్నా, మరి ఆగిందెలా? ఇంకొకటి చాలా రోజులకు తట్టింది. శ్రీధర్ జీవితంలో ‘పద’ అనడు. ‘పోదాం పా’ అంటాడు. పెళ్ళైన కొత్తలో దాని మీద మేం నవ్వుకునేవాళ్ళం. ‘పద’ అనేది నేను. అది నా మాట తీరు.

ఆంటీ దీని గురించి మాట్లాడటానికి ఇష్టపడలేదు. ఒకసారి బలవంతం చేస్తే చెప్పారు. “వార్డులో అన్ని ఏళ్ళు మనుషుల ఊపిరి చూస్తూ కూర్చున్నదాన్నమ్మా. అలవాటు పోదు. ఎవరు ముందు కూర్చున్నా భుజాలు చూస్తాను. ఆ భుజాలు కదల్లేదు. నీకు చెప్పాలంటే నోరు రాలేదు.”

అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. ట్రైన్‌లో శ్రీధర్ నా పక్కన కూర్చుని ఫోన్ చూస్తుంటే ఏదో ఒకటి అడిగి మాట్లాడిస్తాను. జవాబిచ్చేదాకా ఊరుకోను. మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు నేను అడగకముందే తనే ఏదో ఒకటి అంటున్నాడు.

కొన్ని నెలల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో తింటున్నాం. ఆంటీ మామూలుగా అన్నారు, ఆ రోజు నువ్వు కాలు లాక్కోకుండా తెలివిగా ఉన్నావయ్యా, లాగి ఉంటే పైవి కూడా నీ మీదే పడేవి అని.

శ్రీధర్ స్పూన్ పక్కన పెట్టాడు.

“నా తెలివి ఏమున్నది ఆంటీ. సుజానే చెప్పింది గదా” అన్నాడు.

నేనేం చెప్పానని అడిగాను.

“ఇరుక్కోంగనే పిలిచిన. ‘కదలకు, నేను వస్తున్నా’ అన్నవ్. అందుకే ఊకున్న. ఎంతకీ రాకపోయేసరికి మళ్ళా పిలిచిన.”

నాకు వినిపించింది ఆ రెండో పిలుపు ఒక్కటే. మొదటిది నేను వినలేదు. వాకీటాకీ నా కళ్ళముందే ఉంది. దాన్ని నేను చేత్తో ముట్టుకోనేలేదు. ఆంటీ కూడా అదే చెప్పారు. శ్రీధర్ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ఆ తర్వాత ఎవరం సరిగ్గా తినలేదు.

నన్ను అక్కడినుంచి తీసుకుపోయినదీ, తనను కదలొద్దన్నదీ ఒకటేనా, వేర్వేరా? ఆ మాట వల్లే శ్రీధర్ బతికాడు. కానీ నేను మలుపు దాటి అలాగే వెళ్ళిపోయి ఉంటే, అదే మాట నమ్ముకుని తను అక్కడే పడి ఉండేవాడు. అది కాపాడిందో, కట్టిపడేసిందో నాకు తెలియదు. రెంటికీ నా దగ్గర రుజువు లేదు.

శ్రీధర్ మాత్రం అది నా గొంతేనంటాడు. పెళ్ళాం గొంతు నాకు తెలియదా అంటాడు. వాదించడం మానేశాను. కానీ ఆ మాట అన్నది నేను కాదు.