చావు డోలు మోగిన కేసెట్టు

తొంభైల మొదట్లో కుంట అనే ఊళ్లో నాకు కేసెట్ల దుకాణం ఉండేది. వెనక గదిలో భజనలు, ఎన్నికల ప్రచారాలు రికార్డు చేసేవాణ్ని. ఒక ఏడాది వానలకు ముందు నర్సు సరళ సిస్టర్ నలుగురిని వెంటేసుకుని వచ్చింది. మలేరియా మీద శ్రవ్య నాటకం చేయాలట. జ్వరమొచ్చినా రక్తపరీక్ష చేయించుకోని ఓ కుర్రాడు చనిపోతాడు. అంతే కథ. సంతలో మైకులో వినిపిస్తే జనం భయపడి పరీక్షకు వస్తారని ఆమె ఆశ.

కొత్తవాళ్లు చేసే తప్పులన్నీ చేశారు. కాగితాలు గలగలలాడించారు. మైకును మూతికి ఆనించి అరిచారు. "మైకుకేం చెవుడు లేదు, మెల్లగా మాట్లాడండయ్యా" అని విసుక్కున్నాను. చనిపోయే కుర్రాడి వేషం టీ హోటల్లో పనిచేసే సోమడిది. నాటకంలో వాడి పేరు రాజు. ఆ పేరుతో ఎంత పిలిచినా పలకడే. విసిగిపోయి "సోమడనే పిలవండి" అంది సిస్టర్.

చావు సీనుకు ఎఫెక్టు కావాలి. అంటే చప్పుడుతోనే సీనును కళ్లకు కట్టించడం. మా వైపు దొర్ల ఆదివాసీల పల్లెల్లో మనిషి పోతే డోలు మీద ఒక తీరు దెబ్బ వేస్తారు, అదే చుట్టుపక్కలకు కబురు. అది ఉత్తినే మోగించకూడదని సోమడు మొదట వాయించనన్నాడు. సిస్టర్ బతిమాలితే వాయించాడు.

ఎర్రబోరు సంత రోజున సిస్టర్ కేసెట్టు తీసుకుని పొద్దున్నే జీపులో వెళ్లింది. నేను మాస్టరు కేసెట్టు, అంటే కాపీలకు మూలం, దుకాణంలో పెట్టుకుని వింటున్నాను. డోలు మోగగానే రోడ్డున పోయే ఓ పెద్దాయన నెత్తిమీది గంప దించాడు.

"ఎవలింట్ల పోయిండ్రు?"

"ఎవరూ పోలేదు పెదనాయనా. నాటకం."

"నాటకమైతే మనిషి కనబడాలె గదా. సోమడు పోయిండంటున్నరు. ఏ సోమడు?"

అప్పుడు తట్టింది నాకు. సోమడి తల్లి గంగమ్మ ఎర్రబోరు సంతలోనే చింతపండు అమ్ముతుంది. కొడుకు నాటకంలో ఉన్నాడని ఆమెకు తెలియదు.

గ్లాసులు కడుగుతున్న సోమణ్ని రెక్క పట్టుకుని మోటారు సైకిలెక్కించాను. దారంతా గుంతలే. వెనక నుంచి వాడిది ఒకటే మాట.

"అన్నా, జల్ది పోనీయ్. మా అవ్వకు గుండెదడ ఉన్నది."

సిస్టర్ ఇంకా కేసెట్టు పెట్టి ఉండకూడదని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. సంత కనబడకముందే డోలు వినబడింది. నిజంగానే చావు కబురనుకుని జనం మూటలు కట్టుకుని ఇళ్లకు మళ్లుతున్నారు. వాళ్ల మధ్య, రోడ్డు మీద కూలబడి గంగమ్మ గుండెలు బాదుకుంటోంది. ఇద్దరాడవాళ్లు పట్టుకున్నా ఆగడం లేదు.

"అవ్వా, నేనే. సోమణ్ని."

ఆమె తలెత్తలేదు. అదే గొంతు ఇందాకే మైకులో "అవ్వా, నేను పోతున్న" అంది మరి. సోమడు ఆమె ముందు కూర్చుని, ఆమె రెండు చేతులూ తీసి తన మొహానికి ఆనించుకున్నాడు. కళ్లు, ముక్కు, చెవులు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత చెంప ఛెళ్లుమనిపించి, వాణ్ని వాటేసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

స్టేజీ మీద చచ్చినవాడు తెర పడ్డాక లేచి దండం పెడతాడు. కేసెట్లో వాడు లేచినా ఎవరికి కనబడుతుంది? అప్పటినుంచి నా దుకాణంలో ఏ నాటకానికైనా ముందు నటులు తమ పేర్లు చెప్పుకోవాలి, కథలో వేరే పేర్లు ఉండాలి. చావు డోలు జోలికి మళ్లీ పోలేదు.

పరీక్షలు ఆపడానికి లేదు కాబట్టి నాటకం మళ్లీ రికార్డు చేశాం. గంగమ్మ వచ్చి వెనక గదిలో మైకు పక్కనే కూర్చుంది. ఈసారి ఎవరు చనిపోవాలని సిస్టర్ మెల్లగా అడిగింది.

"ఎవలెందుకు సావాలె?" అంది గంగమ్మ. "సూది గుచ్చిచ్చుకొని, మందు మింగి, ఇంటికొచ్చి అవ్వా బువ్వ పెట్టు అంటడు. గది ఇనబెట్టుండ్రి. నేనొస్త పరీచ్చకు."